నీళ్లు నిమ్మళమయ్యే దాకా

మా ఇంట్లో ఒక మాటను ఈ ఏడు వాడినంతగా ఎన్నడూ వాడలేదు. పొద్దున లేస్తే మా ఆయన నోట అదే. చాయ్ తెచ్చి ఇస్తూ మా బిడ్డ నోట అదే. అరుగు ముందు నుంచి పోయేవాళ్లు కూడా ఆగి మరీ అదే చెప్పి పోయేవాళ్లు. "నిమ్మళంగుండు." చివరికి ఎట్లయిందంటే, ఆ మాట చెవిన పడితే చాలు, నా గుండె దడదడ కొట్టుకునేది.

సంగతి ఏమిటంటే, నా కుడి కంటికి పొర కమ్మింది. ఎడమ కంటికీ మొదలైంది. నారాయణఖేడ్ దవాఖానలో చూపిస్తే ఆపరేషన్ చేస్తే పోతుందన్నారు. నాకు భయం లేదని చెప్పను గానీ, భయం కంటే తొందరే ఎక్కువ ఉండింది. మా బిడ్డను తొలి కాన్పుకని ఏడో నెలలో ఇంటికి తెచ్చుకున్నాం. పుట్టబోయే పసిదాని కోసం నేను బొంత కుడుతున్నాను. అది మామూలు బొంత కాదు. మా అత్త కట్టిన నీలం చీర, ఎర్ర అంచుది, ఆమె పోయాక ఇన్నేళ్లూ పెట్టెలో దాచిపెట్టుకున్నది, నాలుగు మడతలు వేసి కుడుతున్నాను. నా పిల్లలకు వేసిన బొంతలన్నీ మా అత్త కుట్టినవే. ఆమె మునిమనుమడో మునిమనుమరాలో ఆమె చీర మీదే పడుకోవాలని నా కోరిక.

సూదిలో దారం ఎక్కించమంటే మా బిడ్డ ఎక్కిస్తుంది. కానీ కుట్టు ఎటు పోతున్నదో చూడవలసింది నా కన్నే కదా. ఒక వరస సగం దాకా తిన్నగా పోయి, అక్కడి నుంచి ఇష్టం వచ్చినట్టు తిరిగింది. మా బిడ్డ బొంతను కాళ్ల మీద పరుచుకొని చూసి పకపకా నవ్వింది.

"అమ్మా, ఇది బొంతనా, మనూర్ పోయే తోవనా?"

"నవ్వు, నవ్వు. నీ కడుపుల ఉన్నది కప్పుకునేది ఇదే."

"బజార్ల మంచి మంచియి దొరుకుతున్నయ్ గదనే. ఒకటి కొందాం తీ."

"కొన్నవంటె నీ కాన్పుకు నేను రాను," అన్నాను. నా ఇంట్లోనే కాన్పు, నేను ఎక్కడికి రాకుండా ఉంటానో నాకే తెలియదు. దానికి ఇంకా నవ్వు వచ్చింది.

మొదటిసారి ఆపరేషన్‌కని పోయిన రోజు సిస్టర్ చేతికి పట్టీ కట్టి గాలి కొట్టింది. బీపీ చాలా ఎక్కువ ఉన్నది, ఇంత ఉంటే కంటికి కత్తి పెట్టరు, గోళీలు సరిగ్గా వేసుకొని రెండు వారాలకు రమ్మని పంపింది. గోళీలు నేను తప్పకుండా వేసుకున్నాను. మా బిడ్డ నోట్లో వేసి, నీళ్లు పోసి, నాలుక ఎత్తించి మరీ చూసేది. మా గల్లీలో బీపీ చూసే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూస్తే బాగానే ఉన్నదనేది. రెండోసారి పోయాం. దవాఖానలో ఆ కుర్చీలో కూర్చోగానే అది మళ్లీ పైకెక్కింది. సిస్టర్ మంచి పిల్ల. "అవ్వా, ఇంటికాడ మంచిగనే ఉంటున్నదంటివి. ఈడికి రాంగనే నీకేమైతుంది? జర నిమ్మళంగుండాలె," అంది. ఇంకోసారి చూస్తాం, అప్పుడూ ఎక్కువే ఉంటే ముందు గుండె డాక్టరుకు చూపించుకొని రావాలె, దానికి సంగారెడ్డి పోవాలె, ఇంకో రెండు మూడు నెలలు పడుతుందని చెప్పింది. రెండు మూడు నెలలంటే కాన్పు అయిపోతుంది. బొంత అట్లనే ఉంటుంది.

ఇగ మా ఆయన నా నిమ్మళం పని తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన గొంతు మొదటి నుంచీ పెద్దది. చేన్లో ఈ గట్టున ఉండి ఆ గట్టున ఉన్న ఎద్దుతో మాట్లాడిన మనిషి. ఆ గొంతుతోనే, "నిమ్మళంగుండు, నిమ్మళంగుండు అంటె ఇనవేందే!" అని అరిచేవాడు. టీవీ బంద్ చేయించాడు. నన్ను వంటింట్లోకి పోనీయలేదు, పొయ్యి వేడికి బీపీ ఎక్కుతుందట. పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తే వాకిట్లోనే ఆపి గుసగుసగా మాట్లాడి పంపేవాడు. మా బిడ్డ ఫోన్‌లో ఏదో ఓం ఓం అనేది పెట్టి నా తలాపున ఉంచేది. అందరూ పిల్లుల్లాగా నడిచేవాళ్లు. మంచం మీద కూర్చున్న నాకు, ఇంట్లో ఎవరో పోయినట్టు, ఆ పోయిందాన్ని నేనే అయినట్టు అనిపించేది. గంటకొకసారి ఆయన వచ్చి నా ముఖంలో ముఖం పెట్టి చూసేవాడు.

"ఎట్లున్నది? జర నిమ్మళమైందా?"

అట్లా ఆయన ముఖం దగ్గరగా వచ్చిన ఒక పూట నాకు మా అత్త గుర్తుకొచ్చింది. అత్త కాదు, ముందు ఆమె కుండ గుర్తుకొచ్చింది.

మా అత్తవారిది మనూర్ దిక్కు ఒక చిన్న ఊరు. నారాయణఖేడ్‌కు మేము తర్వాత వచ్చాం. నేను కొత్తకోడలిగా పోయిన ఏడు, తొలివానలు పడ్డాక బావి నీళ్లు బురదతో కలకబారితే వాగు నీళ్లే తాగేవాళ్లం. అవి నీళ్లు కావు, పాలు తక్కువ పోసిన చాయ్. ఆ నీళ్లను తేర్చడానికి ఇంటింటా చిల్లగింజలు ఉండేవి. చొక్కా గుండీ అంత ఉంటుంది గింజ, గట్టిగా, గుండ్రంగా. ఖాళీ కుండ లోపలి గోడకు ఆ గింజను గరగరా రుద్ది, పైన వాగు నీళ్లు పోసి, ఒక్కసారి కలిపి మూత పెట్టేవాళ్లం. కొంతసేపటికి మన్ను అంతా అడుక్కు దిగేది. పైన తేట నీళ్లు నిలిచేవి. వాటిని కదలకుండా వంచుకొని, బట్టతో వడపోసుకొని తాగేవాళ్లం. ఇప్పుడు నల్లా తిప్పితే నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, ఇదంతా మా బిడ్డకు కథలాగా ఉంటుంది.

మా అత్తకు ఒక నియమం ఉండేది. గింజ రుద్ది మూత పెట్టినాక కుండ దగ్గర ఎవ్వరూ నిలబడకూడదు. నిలబడితే ఊరికే ఉండలేరు, మూత తీస్తారు. మూత తీస్తే కదుపుతారు. అందుకని చేతికి ఏదో పని ఇచ్చి పక్కకు పంపేది. ఆ పని అయ్యేదాకా కుండ మాట ఎత్తొద్దు.

ఒక రోజు మా నాయన నన్ను చూడడానికి వచ్చాడు. కల్హేర్ అవతల నుంచి బస్సు ఎక్కి, దిగినాక బురదలో నడిచి, చెప్పులు చేత పట్టుకొని వచ్చాడు. పెండ్లయ్యాక నన్ను చూడడం అదే మొదలు. అరుగు మీద కూర్చొని, "బిడ్డా, జర మంచినీళ్లు ఇయ్యి," అన్నాడు. ఇంట్లో తేట నీళ్లు అప్పుడే అయిపోయాయి. కుండకు గింజ రుద్ది వాగు నీళ్లు పోసి అప్పుడే మూత పెట్టాం.  మూత తీసి చూశాను. ఎర్రగానే ఉన్నాయి. ఇంకో గింజ తీసుకొని రుద్దాను. గరిటెతో కలిపాను. చూశాను. మళ్లీ రుద్దాను, మళ్లీ కలిపాను. నీళ్ల ఎర్రదనం పోకపోగా, ఇంకా చిక్కబడ్డాయి. ముఖం కుండలోకి పెట్టి ఏడుస్తున్నాను.

మా అత్త వెనక నుంచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా భుజం పట్టుకొని పక్కకు జరిపి మూత పెట్టింది.

"నీళ్లకు నీ మొఖం సూపెట్టకు. అవి సిగ్గుపడి ఇంకింత కలకబారుతయ్."

"అత్తా, మా నాయన నీళ్లు అడిగిండు…"

"అడిగిండు, నేను ఇన్న. సల్ల ఇచ్చొచ్చిన. తాగుతుండు. నువ్వు పెనం పెట్టు. మీ తల్లి జొన్నరొట్టె ఎట్ల కొడ్తదో నాకు సూపెట్టు. మీ దిక్కోళ్లు రెండు చేతులతోని కొడ్తరట, నిజమేనా?"

నిజం కాదు, ఎవరో పుట్టించిన మాట. కాదని చెప్పడానికి నేను పిండి ముందు వేసుకొని కూర్చున్నాను. మా అమ్మ కుడి చెయ్యి ఎట్లా తిప్పుతుందో చూపించాను. చూపిస్తూ మా అమ్మ పెనం గురించి చెప్పాను, మా ఇంటి పిల్లి రొట్టె ఎత్తుకుపోయిన సంగతి చెప్పాను, మా నాయన దాని వెంట పడి బురదలో జారిన సంగతి చెప్పాను. మా అత్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అరుగు మీద నుంచి మా నాయన, "గా ముచ్చట్లన్ని గిప్పుడే చెప్పాల్నా?" అని కేకేశాడు. పిండి అయిపోయింది. అప్పుడు మా అత్త లేచి మూత తీసింది.

"దా, సూడు. నిమ్మళమైనయ్."

వంగి చూశాను. కుండ అడుగున మన్ను పలచగా పరుచుకున్నది. దాని పైన నీళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. వేలు పెడితే గానీ తెలియదు.

మా పుట్టింట్లో ఆ మాట మనుషులకు, వానకు, జ్వరానికి చెప్పేవాళ్లు. వాన నిమ్మళించింది అనేవాళ్లు, పిల్లగాని జ్వరం నిమ్మళించింది అనేవాళ్లు. నీళ్లను మాత్రం తేటపడ్డాయనే అనేవాళ్లం. మా అత్త ఒక్కతే నీళ్లను నిమ్మళమైనయ్ అనేది. ఇది ఈ ఊరి మాట కావచ్చు అనుకొని నేనూ అలవాటు పడ్డాను. ఆమె ఉన్నన్నాళ్లూ అడగలేదు.

అత్త కుండ గుర్తుకొచ్చిన మరునాడు సాయంత్రం మా వెనక గల్లీలో ఉండే తెలుగు సారు మా అరుగు మీదికి వచ్చాడు. పింఛను తీసుకుంటున్న మనిషి. రోజూ ఆ పొద్దుకు వచ్చి మా ఆయనతో కూర్చుంటాడు. నన్ను పలకరించడానికి భయపడి, మా ఆయన దిక్కే చూస్తూ, "వదినె నిమ్మళంగున్నదా?" అని అడిగాడు.

నాకు చిర్రెత్తింది. "సారూ, అందరు గదే మాట అంటున్నరు. అసలు గా మాట ఏడికెళ్లి వచ్చింది? ఏమన్నట్టు?"

ఆయన ముఖం వెలిగింది. బడి మానేశాక ఆయనను ఎవరూ ఏమీ అడిగినట్టు లేరు. కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"నిర్మలం అనే మాట ఉన్నది గద వదినా, అదే మన నోట్లె పడి అరిగి అరిగి నిమ్మళమైంది. నిర్ అంటె లేనిది. మలం లేనిది నిర్మలం."

"మలమా?" అన్నాడు మా ఆయన, గల్లీ అంతా వినపడేటట్టు. మా బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. లోపల నవ్వడం వినపడుతూనే ఉంది.

సారు చెవులు ఎర్రబడ్డాయి. "మలమంటె గదే కాదన్నా! మురికి. ఏ మురికైనా మలమే. మురికి లేకుండ తేటగున్నది నిర్మలం. మనసు గట్ల ఉంటె నిమ్మళంగున్నడు అన్నరు. ఇగ పోంగ పోంగ వానకు, రోగానికి, తీరిగ్గ కూసునుడుకు గూడ గదే మాట అయింది."

"మా అత్త కుండల నీళ్లకు అనేది," అన్నాను. చిల్లగింజ సంగతి, మూత సంగతి అంతా చెప్పాను.

సారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ అత్త సదువుకున్నదా?"

"పలక ఎట్లుంటదో ఎర్కలేదు ఆమెకు."

"ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన నేను. ఆ మాటను దాని మొదటి అర్థంల వాడిన మనిషి ఒకరున్నరని ఇప్పుడే వింటున్న," అని అద్దాలు తుడిచి పెట్టుకొని ఇంటిదారి పట్టాడు.

సారు అంతటితో పోయినా మా ఆయన ఊరకుండలేదు. ఆయనకు ఆ ముచ్చటలో ఒక్కటే పట్టింది, చిల్లగింజ. మరునాడు వారపు అంగడి. నేల మీద గుడ్డ పరిచి వేర్లు, బెరడులు అమ్మేవాని దగ్గర వెతికి వెతికి ఒక పిడికెడు తెచ్చాడు. ఎవరికీ చెప్పకుండా తాగే నీళ్ల మట్టికుండ, రంజన్ ముందు కూర్చొని, నాలుగు గింజలు దాని లోపలి గోడకు అరిగిపోయే దాకా రుద్ది, బిందెడు ఫిల్టర్ నీళ్లు పోసి కలిపాడు. తేట నీళ్లకు గింజ గుజ్జు కలిస్తే ఏమవుతుంది? మా బిడ్డ గ్లాసు ముంచి గావుకేక పెట్టింది.

"నాయనా! నీళ్లు కుడితి లెక్క అయినయేంది?"

"అరవకు. మీ అమ్మ కోసమే. నిమ్మళమైతది."

"ఎవరు? అమ్మనా, నీళ్లా?"

 ఆయన రంజన్ పక్కన చేతులకు గుజ్జు అంటించుకొని, తప్పు చేసి దొరికిన పోరని లెక్క నా దిక్కు చూశాడు. నలభై ఏండ్ల కాపురంలో ఆ మనిషి నాతో ప్రేమగా ఒక మాట మాట్లాడింది లేదు. మాట్లాడినా ఊరంతా వింటుందని నేనే వద్దనేదాన్నేమో. కానీ ఆ చేతులను చూసి, నవ్వు వచ్చి, మంచం పట్టె పట్టుకొని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఒకటి తోచింది. ఆ రోజు కుండ ముందు నేను ఎట్లా నిలబడ్డానో, ఇప్పుడు వీళ్లంతా నా ముందు అట్లనే నిలబడ్డారు. రుద్దుతున్నారు, కలుపుతున్నారు, మూత తీసి చూస్తున్నారు. పాపం, నీళ్ల దూప అయ్యేది వాళ్లకే. నాయన నీళ్లడిగిన నాటి తొందరే వీళ్లది కూడా.

"ఇగ ఇనుండ్రి," అన్నాను. "గోళీ ఏళకు ఇయ్యండ్రి, ఏసుకుంట. గా ఫోన్ బంద్ చెయ్యండ్రి. నాకు పిండి తెచ్చియ్యండ్రి. నన్ను ఎవ్వరు సూడకుండ్రి."

ఆ వారమంతా రొట్టెలు నేనే కొట్టాను. కన్ను కనపడకపోయినా రొట్టె చేతికి తెలుస్తుంది. మా ఆయన వంటింటి గడప దాకా వచ్చి, గుర్తు తెచ్చుకొని వెనక్కి పోయేవాడు.

మూడోసారి దవాఖానకు పోయిన రోజు బల్ల మీద నా పక్కన కంగ్టి దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చున్నది. ఆమెకూ కన్నే. కొడుకూ కోడలూ పనికి పట్నం పోయారట, పక్కింటామె తోడొచ్చింది. బల్ల వణుకుతుంటే మొదట నేనే వణుకుతున్నాననుకున్నాను. ఆమె.

"అక్కా, కన్ను బయటికి తీసి కడుగుతరట గద?" అని నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు చెప్పిండ్రు? గట్లయితే నేను ఇంట్ల ఉన్న రంజన్ తెచ్చుకుందును కడుగనీకి."

ఆమెకు అర్థం కాలేదు. రంజన్ ఏంది అని అడిగింది. మా ఆయన గింజలు రుద్దిన సంగతి చెప్పాను. పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా ఇటు జరిగారు. మా ఆయన దూరంగా గోడకు నిలబడి, తన ముచ్చటే అని తెలిసి, కిటికీలో నుంచి బయటికి చూస్తున్నాడు. అసలు గింజలు ఎందుకు రుద్దాడో తెలియాలంటే మా అత్త కుండ చెప్పాలి కదా, అది మొదలుపెట్టాను. మా నాయన అరుగు మీద కూర్చున్నాడు, నేను పెనం పెట్టాను, రొట్టె వేశాను, పిల్లి సంగతి చెప్తున్నాను. అప్పుడు సిస్టర్ వచ్చి నా పేరు పిలిచింది.

"జర ఆగు బిడ్డా, పెనం మీద రొట్టె ఉన్నది," అన్నాను.

బల్ల మీద అందరూ నవ్వారు. సిస్టర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ కట్టింది. "ఇప్పుడు నోరు తెరవకు అవ్వా, ముచ్చట పెడ్తె మిషన్ తప్పు చూపిస్తది," అంది. నోరు మూసుకున్నాను. లోపల మాత్రం ముచ్చట నడుస్తూనే ఉంది. పిల్లి ఎటు దూకిందో, ఆ తర్వాత మా అత్త ఏమన్నదో వరస పెట్టుకుంటున్నాను. పట్టీ బిగిసింది, వదులయింది. నాకు తెలియనే లేదు.

సిస్టర్ అంకె రాసుకుంది. అనుమానం వచ్చి ఇంకోసారి గాలి కొట్టి చూసింది.

"పో అవ్వా, లోపలికి పో. మంచిగున్నది."

లేచి పోతుంటే కంగ్టి ఆమె వెనక నుంచి, "ఓ అక్కా! రొట్టె ఏమయింది? చెప్పిపో!" అన్నది.

"వచ్చి చెప్తా," అన్నాను.

కానీ వచ్చి చెప్పలేకపోయాను. కంటికి కట్టు కట్టి నన్ను మా ఆయన చేతిలో పెట్టి పంపారు. కంగ్టి ఆమెకు ఆ రోజు ఆపరేషన్ చేయలేదట, బీపీ దిగలేదట, వారానికి రమ్మన్నారట. అది విని ఇంటికొచ్చే తోవంతా నాకు అదే బాధ. ఆటోలో మా ఆయన, "కదలకు, మెదలకు, నిమ్మ…" అని మాట మధ్యలో మింగేశాడు.

మరునాడు కట్టు విప్పారు. వెలుతురు ముందు గుచ్చుకున్నది, తర్వాత ఆగింది. ఇంటికొచ్చి అన్నింటికంటే ముందు బొంత తీయించి ఒడిలో వేసుకున్నాను. నీలం అంత నీలం అని మరిచే పోయాను. అంచు ఎరుపులో సన్నటి పసుపు పోగు ఒకటి ఉన్నది, మా అత్త ఒంటి మీద అన్నేళ్లు చూసినా ఎన్నడూ కనపడలేదు. నా కుట్లు కూడా కనపడ్డాయి. తిన్నగా పోయినవీ, దారి తప్పినవీ. అప్పుడే కుట్టొద్దన్నారు కాబట్టి వేళ్లతో తడిమి పెట్టేశాను.

"ఆ వంకరయి విప్పి మళ్ల కుడ్తవా?" అని అడిగింది బిడ్డ.

"ఎందుకు? మనూర్ తోవ గూడ మనదే గద."

వారానికి కన్ను చూపించుకోవడానికి పోయాను. అదే బల్ల మీద కంగ్టి ఆమె కూర్చొని ఉన్నది. ఒక కంటితో అంత స్పష్టంగా మొదటిసారి ఆమె ముఖం చూశాను. ఎడమ చెంప మీద పచ్చబొట్టు చుక్క ఉన్నది. నన్ను చూడగానే పక్కకు జరిగి చోటు ఇచ్చింది. కన్ను ఎట్లున్నదని అడగలేదు.

"మాడిందా, లేదా?"

"మాడింది," అన్నాను. "నేను పిల్లి ముచ్చట్ల పడితి. మా అత్త నవ్వుట్ల పడె. ఇద్దరం సూసుకోలే. ఒక దిక్కు బొగ్గయింది."

"అయ్యో! మీ నాయనకు గదే పెట్టిండ్రా?"

"వేరేది పెడ్తనంటె ఆయన ఇనలే. నా బిడ్డ కొట్టిన రొట్టె అని నలుపంత గీకి తిన్నడు. తిని, చెంబెడు తేట నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, మా అత్త దిక్కు తిరిగి…"

సిస్టర్ వాకిట్లోకి వచ్చి ఆమె పేరు పిలిచింది. ఆమె కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, నా చెయ్యి పట్టుకొని, సిస్టర్ దిక్కు అరచెయ్యి చూపించింది.

"జర ఆగు బిడ్డా. వాళ్ల నాయన ఏమన్నడో ఇననీ."